నేను ఊపిన చెయ్యి

మా డిపోలో కొత్తగా చేరిన పిల్లలు నా దగ్గరకు వచ్చి, డ్రైవరు ఉద్యోగం గురించి నాలుగు మాటలు రాసివ్వమన్నారు. ఒక్క యాక్సిడెంటూ చేయకుండా రిటైరైన డ్రైవరని నాకు పేరు. ఆ పేరు చూసే వచ్చారు. ఆ పేరు వింటే నాకు లోపల ఎట్లా ఉంటుందో వాళ్ళకు తెలియదు. తెలిస్తే ఇంకొకరి దగ్గరకు పోయేవాళ్ళు.

డ్యూటీ చార్టుల సంగతి, సెలవుల సంగతి, ఏ ఆఫీసరు దగ్గర ఎట్లా మసలుకోవాలన్న సంగతి మీకు డిపో గేటు బయట టీ కొట్టువాడే నాకంటే బాగా చెబుతాడు. నేను రోడ్డు గురించే రాస్తాను. రోడ్డు మీద మనకంటే చిన్న బండి వాడితో ఎట్లా ఉండాలన్నదే ఈ ఉద్యోగంలో అసలు సంగతి. అది నేర్చుకున్నాననుకున్నాను. నేర్చుకోలేదు.

కరీముల్లా సాయిబు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను గిద్దలూరు రూటులో కరీముల్లా సాయిబు కింద వేశారు. నేను స్టీరింగు పట్టుకుంటే ఆయన పక్కన ఇంజను డబ్బా మీద కూర్చునేవాడు. బక్క మనిషి, తెల్ల గడ్డం. పొగడ్త అనేది ఆయన నోట నేను విననే లేదు. తప్పు చేస్తే తిట్టడు, నాలుక చప్పరిస్తాడు. ఆ చప్పుడుకే నాకు చెమటలు పట్టేవి.

కంభం దాటాక ఒకరోజు గొర్రెల మంద అడ్డం వచ్చింది. బండి ఆపాను. మంద ముందు నడిచే మనిషి రోడ్డు పక్కన నిలబడి, తోలాలా వద్దా అన్నట్టు నా వైపు చూస్తున్నాడు. నేను కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, తోలుకో తోలుకో అని ఊపాను. సాయిబు నా మోచెయ్యి పట్టుకుని లోపలికి లాగాడు. ఇంజను కూడా ఆపించాడు. ఆ మనిషి అటూ ఇటూ చూసుకుని, తన ఇష్టం వచ్చినప్పుడే మందను తోలుకుపోయాడు.

అప్పుడు సాయిబు అన్నాడు: "బేటా, ఆపేదాంకే నీ పని. రమ్మనడానికి నువ్వెవరు? నీ బండికి నువ్వు డ్రైవరువి. ఎనకొచ్చే బండికి గూడా నువ్వే డ్రైవరువా?"

ముసలాయన చాదస్తమనుకున్నాను. గొర్రెలు దాటడానికి ఇంత శాస్త్రమా అని ఆ రాత్రి తోటి డ్రైవర్లకు చెప్పి నవ్వించాను కూడా. ఆయన గొంతు అనుకరించడం నాకు బాగా వచ్చు. మా డిపోలో ఆ మాట చాలా ఏళ్ళు తమాషాగా తిరిగింది.

తారు ఎవరిది

తర్వాత నన్ను మార్కాపురం నుంచి తర్లుపాడు మీదుగా పల్లెలకు పోయే బస్సుకు మార్చారు. అప్పట్లో ఆ రోడ్డు మీద తారు ఒక బండికి సరిపోయేంతే. ఎదురుబొదురు వస్తే ఎవరో ఒకరు మట్టిలోకి దిగాలి. ఎవరు దిగాలన్నది ఏ పుస్తకంలోనూ లేదు, అందరికీ తెలుసు. లారీకి బస్సు సగం దిగుతుంది. బస్సుకు ఆటో దిగుతుంది. ఆటోకు మోటారుసైకిల్ దిగుతుంది. సైకిల్ వాడు అందరికీ దిగుతాడు. వాడు దించగలిగింది మేకలను మాత్రమే.

సైకిల్ వాడు ఎడమ పక్కగా పోవాలన్నది రూలు. తారు దిగి పోవాలన్నది రూలు కాదు. అది మనం హారన్‌తో రాసిన రూలు.

నేను కూడా రాశాను. ఒక పొద్దున పాలక్యాన్లు కట్టుకున్న సైకిలాయన ముందు పోతుంటే, టైము లేదని దూరం నుంచే హారన్ మీద చెయ్యి తీయకుండా పోయాను. ఆయన దిగాడు. తారు అంచుకు, మట్టికి మధ్య జానెడు ఎత్తు ఉంది. ముందు చక్రం మెలిపడి పడ్డాడు. పాలన్నీ నేలపాలు. బస్సులో కొందరు నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చెయ్యాలో తోచక అని ఇప్పుడు చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు?

మర్నాడు ఆయనే నా బస్సు ఎక్కాడు. చక్రం వంకరపోయింది కదా, క్యాన్లు చేత పట్టుకుని వచ్చాడు. టికెట్ తీసుకుని సరిగ్గా నా వెనక సీట్లో కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. మార్కాపురం వచ్చేదాకా నా వీపు మండుతూనే ఉంది.

ఆ రోజు నుంచి సైకిల్ కనబడితే హారన్ మానేశాను. వేగం తగ్గించి వెనకే పోయేవాణ్ణి. ఇక్కడితో ఆగి ఉంటే నేను మంచి డ్రైవరునే అయ్యేవాణ్ణి.

మంచి పేరు

మనిషికి చెడ్డపేరు కంటే మంచిపేరు ప్రమాదమని నాకు ఆలస్యంగా తెలిసింది.

మా రూటులో ఒక మలుపు ఉంది. ఎడమ చేతి వైపు డొంకలోంచి ఒక పల్లె దారి వచ్చి తారు రోడ్డులో కలుస్తుంది. ఊరు అక్కడికి దూరం. హైస్కూలు రోడ్డుకు కుడివైపు. తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్ళు ఇచ్చాక, ఆ డొంకలోంచి పొద్దున్నే పిల్లలు గుంపుగా వచ్చి రోడ్డు దాటడానికి నిలబడేవాళ్ళు. లారీలు ఆగవు, ఆటోలు ఆగవు. నేను ఆపేవాణ్ణి. ఆపి, కిటికీలోంచి చెయ్యి బారుగా చాపి, దాటండమ్మా దాటండి అని ఊపేవాణ్ణి.

పిల్లలు నవ్వుకుంటూ దాటేవాళ్ళు. ముందు సీట్లలో ఆడవాళ్ళు, మా డ్రైవరు బంగారం అనేవాళ్ళు. ఆ మాట నాకు టీ కంటే ఎక్కువ అలవాటైంది. పిల్లలు లేని రోజు ఆ మలుపు చప్పగా ఉండేది.

మా డిపో మేనేజరు చెవిన కూడా పడింది. కోస్తా వైపు నుంచి వచ్చిన కుర్ర ఆఫీసరు, ఉత్సాహవంతుడు. రోడ్డు భద్రత వారం వస్తే నన్ను స్టేజీ ఎక్కించాడు. నేను మైకు ముందు చెయ్యి ఊపి చూపించాను. వాళ్ళ మొహంలో నవ్వు చూడండి, అదే మనకు జీతం అన్నాను. చప్పట్లు కొట్టారు. మిగతా డ్రైవర్లు కూడా ఊపడం మొదలుపెట్టారు. సాయిబు అప్పటికే రిటైరయ్యాడు. ఆయన సభలో ఉండి ఉంటే నాలుక చప్పరించేవాడు.

ఆ పొద్దున

ఆ పిల్లల్లో అందరికంటే ముందు నిలబడేది నాగేంద్రమ్మ. గొర్రెలు కాసే ఓబయ్య కూతురు. తను దాటితేనే మిగతావాళ్ళు దాటేవాళ్ళు. నన్ను డ్రైవర్ మామ అని పిలిచేది.

ఆ పొద్దున బస్సు ఆలస్యమైంది. మలుపు దగ్గర అలవాటుగా ఆపి చెయ్యి ఊపాను. నాగేంద్రమ్మ పెడల్ మీద కాలు పెట్టింది, మళ్ళీ తీసింది. మెడ చాచి నా బస్సు అవతలి వైపు చూడబోయింది. అంత పెద్ద బండి అడ్డముంటే ఏం కనబడుతుంది? ఆగి, నా మొహం వైపు చూసింది.

నేను మళ్ళీ ఊపాను. ఈసారి కొంచెం విసుగ్గా, తొందరగా.

ఆ పిల్ల ఆగిందని మీరు గుర్తుపెట్టుకోండి. తన బుద్ధి తనకు సరిగ్గానే చెప్పింది. నేను ఆ బుద్ధిని చేత్తో పక్కకు తోశాను. కుడి వైపు అద్దంలో చూడలేదు. నేను పిల్లల మొహాలు చూస్తున్నాను.

వెనక నుంచి మోటారుసైకిల్ మీద ఒక కుర్రాడు నా బస్సును దాటుకుని వచ్చాడు. బస్సు ఆగిందంటే ఎవరో దిగుతున్నారనుకున్నాడట. ఆగిన బస్సును దాటేటప్పుడు నెమ్మదిగా పోవాలన్నది రూలే, వాడు పోలేదు. వాడి తప్పు వాడికి ఉంది. కానీ నా తప్పు మోయడానికి వాణ్ణి పిలవను. నాగేంద్రమ్మ నా బస్సు ముందు నుంచి అవతలకు తేలడం, వాడు రావడం ఒక్కసారే అయ్యాయి. కుర్రాడు మోచేతులు దోక్కుపోయి లేచాడు. పిల్ల లేవలేదు. కాలు సైకిల్ కింద ఉండకూడని తీరులో ఉంది.

ఎత్తి బస్సులో పడుకోబెట్టి, ఎక్కడా ఆపకుండా మార్కాపురం ఆసుపత్రికి తోలాను. ఆడవాళ్ళు తల ఒకరు, కాలు ఒకరు పట్టుకున్నారు. పిల్ల మూలుగుతూ, మామ రమ్మన్నాడు, మామ రమ్మన్నాడు అంటోంది. అప్పుడు ఒక పెద్దావిడ పిల్ల చెవి దగ్గర వంగి చెప్పింది. నాకు వినపడేలాగే చెప్పింది.

"ఆ మాట యాడా అనబాకమ్మా. డ్రైవర్ మామ ఉద్యోగం పోతాది. మనకు బండాపేది ఆయప్పొక్కడే గదా."

నేను విన్నాను. రోడ్డు చూస్తూ తోలాను.

విచారణ

మేనేజరు నన్ను అడిగింది ఒక్కటే: బస్సు ఆగి ఉందా, కదులుతూ ఉందా? ఆగే ఉంది సార్ అన్నాను. బస్సుకు ఎవరూ తగల్లేదు కదా అన్నాడు. లేదు సార్ అన్నాను. రెండూ నిజాలే. నిజాలతోనే ఎంత పెద్ద అబద్ధం కట్టొచ్చో ఆ గదిలో నేర్చుకున్నాను. చెయ్యి గురించి ఆయన అడగలేదు. స్టేజీ మీద నాతో ఊపించింది ఆయనే కదా, ఆయనకూ అడగాలని లేదేమో.

పోలీసులకు నాగేంద్రమ్మ, నేనే చూసుకోకుండా దాటినాను సార్ అని చెప్పింది. వాళ్ళు అదే రాసుకున్నారు.

కాలు అతికింది గానీ పొట్టిగా అతికింది. ఓబయ్య ఆ సైకిల్ ఎవరికో ఇచ్చేశాడు. డొంక దారిన అంత దూరం ఆ కాలితో నడవలేక పిల్ల చదువు మానేసింది.

ఒకరోజు ఓబయ్య మలుపు దగ్గర బస్సాపి, సంచెడు సీతాఫలాలు తెచ్చి ఇంజను డబ్బా మీద పెట్టాడు. నువ్వు గబాల్న ఆస్పత్రికి తోలకుంటే పిల్ల దక్కేది గాదన్నా అని చేతులు జోడించాడు. ఎన్నిసార్లు చెప్పినా ఇనదు, కండ్లు నెత్తిన పెట్టుకోని దాటింది అని కూతుర్ని తిట్టాడు. నేను వద్దనలేదు. సీతాఫలాలు ఇంటికి తీసుకుపోయాను. తిన్నాను కూడా.

ఆ ఏడాదే నాకు ప్రమాదరహిత డ్రైవరని బ్యాడ్జీ ఇచ్చారు. చెయ్యి ఊపడం ఒక వారం మానేశాను. తర్వాత మలుపు దగ్గర పిల్లలు నా వైపు చూస్తూ నిలబడితే మొహమాటపడి మళ్ళీ మొదలుపెట్టాను. అద్దంలో చూసి ఊపుతున్నాను కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అద్దంలో అంతా కనబడదని మీకు తెలుసు, నాకూ తెలుసు.

చెప్పిన రోజు

రిటైరయ్యాక ఒకరోజు పని మీద ఆ ఊరికి పోయాను. రచ్చబండ దగ్గర ఒక ముసలావిడ మనవణ్ణి గద్దిస్తోంది. "నాగేంద్ర మాదిరి గుడ్డిగా దాటబాకరా, కాలిరుగుతాది."

ఆ పిల్లవాడు ఆ రోజుకు పుట్టనే లేదు. నాగేంద్రమ్మ ఎవరో కూడా వాడికి తెలిసి ఉండదు. గుడ్డిగా దాటిన మనిషి అని ఆమె పేరు ఊళ్ళో సామెతైంది. నా పేరు డిపోలో బ్యాడ్జీ అయింది. నాకు అక్కడ నిలబడటం కష్టమైంది. తిన్నగా ఓబయ్య ఇంటికి పోయాను.

నాగేంద్రమ్మను ఆ ఊళ్ళోనే మేనత్త కొడుక్కి ఇచ్చారు. ఆ పూట తండ్రి ఇంట్లోనే ఉంది, కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తల దువ్వుతోంది. నన్ను చూసి సంతోషంగా లేచింది. లేచేటప్పుడు ఒక చెయ్యి గోడకు ఆనించింది.

కూర్చోకుండానే చెప్పేశాను. రెండుసార్లు ఊపానని, ఆమె ఆగితే నేనే తొందరపెట్టానని, బస్సులో పెద్దావిడ ఆమె నోరు మూయించింది విన్నానని, విని ఊరుకున్నానని.

ఓబయ్య కూతురి వైపు తిరిగాడు. నాకు పడాల్సిన మాట కోసం ఎదురుచూస్తున్నాను.

"ఇన్నేండ్లు ఈ పిల్లను తిట్టినా గదన్నా నేను," అన్నాడు.

నాగేంద్రమ్మ దువ్వెన పక్కన పెట్టింది. "పోనీలే నాయనా. నేను గూడా మామ చెయ్యే చూసినా. రోడ్డు చూడలా." తర్వాత నా వైపు తిరిగి, మెల్లగానే అడిగింది. "అప్పుడే ఎందుకు చెప్పలేదు మామా? పోలీసులకు గాకపోయినా, మా నాయనకన్నా చెప్పుంటే బాగుండు."

ఉద్యోగం పోతుందని భయం అనొచ్చు. అది సగమే. మంచివాడన్న పేరు పోతుందన్న భయమే ఎక్కువ. ఆ మాటే చెప్పాను.

ఓబయ్య తుండుగుడ్డ భుజాన వేసుకుని లేచాడు. ఇంట్లో చెబితే ఏం లాభమన్నా, రచ్చబండ కాడికొచ్చి చెప్పు అన్నాడు. పోయాను. అక్కడ ఉన్న పదిమంది ముందర మళ్ళీ మొత్తం చెప్పాను. ఆ రోజు బస్సులో పిల్ల చెవిలో చెప్పిన పెద్దావిడ కూడా ఉంది. మాకు తెల్సులే నాయనా, ఇప్పుడెందుకు ఆ మాటలు, నువ్వు మంచోడివి అంది. మిగతావాళ్ళు కూడా నా భుజం తట్టారు. ఎవరో టీ తెప్పించారు.

అందరూ నన్నే ఓదార్చారు. పక్కనే కుంటుకుంటూ వచ్చి నిలబడ్డ మనిషిని ఒక్కరూ పలకరించలేదు. ఆ టీ గ్లాసు చేతిలో పట్టుకున్నప్పుడు పడ్డంత సిగ్గు నేను జన్మలో పడలేదు.

మీకు చెప్పేది

కాబట్టి పిల్లలూ, నేను మీకు చెప్పదగ్గది సాయిబు చెప్పిందే. ఇన్నేళ్ళు తమాషాగా చెప్పిన మాటను ఇప్పుడు తలవంచుకుని చెబుతున్నాను. సైకిల్ వాణ్ణి చూస్తే ఆగండి. హారన్‌తో తొయ్యొద్దు. తారు వాడికి కూడా వేశారు. ఆగాక రెండు చేతులూ స్టీరింగు మీద ఉంచండి. వాడు దాటితే దాటుతాడు, ఆగితే ఆగుతాడు. వాడు చూసుకుంటుంటే మీరు తొందరపెట్టొద్దు. మీ బస్సులో వాళ్ళు మిమ్మల్ని బంగారమంటే ఆ రోజు అద్దం ఇంకోసారి చూడండి.

ఇది తెలిసిన మనిషిగా మీకు చెబుతున్నానని అనుకోవద్దు. మొన్న జరిగింది కూడా విని అప్పుడు అనుకోండి.

నా మోపెడ్ మీద తర్లుపాడు నుంచి వస్తున్నాను. అదే మలుపు. బడికి పోయే వేళ. డొంక చివర నాగేంద్రమ్మ, ఊరి నుంచి ఎవరి బండి మీదో వచ్చి దిగిందేమో, కూతురి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. బండి ఆపాను. ఆపడం వరకు బాగానే చేశాను. ఆ తర్వాత నా కుడి చెయ్యి హ్యాండిల్ మీద నుంచి లేచింది. నేను లేపలేదు, ప్రమాణం చేసి చెప్పగలను. అదే లేచి, దాటమ్మా దాటు అని ఊపింది.

చిన్నపిల్ల నా చెయ్యి చూసి నవ్వి అడుగు ముందుకేసింది. తల్లి రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. నా వెనక నుంచి ఒక ఆటో నన్ను ఒరుసుకుంటూ పోయింది.

నాగేంద్రమ్మ నా వైపు చూడను కూడా లేదు. వంగి కూతురికి చెప్పింది.

"చెయ్యి చూడబాకు. రోడ్డు చూడు."

ఇద్దరూ అటు చూశారు, ఇటు చూశారు, మళ్ళీ అటు చూశారు. నేను చెయ్యి దించుకునేదాకా అక్కడే నిలబడి, ఆ తర్వాత దాటారు.